లూప్‌లో మెము, మెయిన్‌లో బొగ్గు గూడ్స్: ఒక రోడ్‌సైడ్ స్టేషన్ కేసు

లూప్‌లో ఆగిన మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు పాసింజరు రైలు) దిగి పట్టాలు దాటుతున్న జనం మీదికి పక్క లైనులో గూడ్స్ వచ్చిన కేసు ఇది. ముందు యార్డు ఎలా ఉంటుందో చెప్పాలి. అది తెలియకపోతే ఈ కేసులో ఏ ముక్కా అర్థం కాదు.

డబుల్ లైన్ మీద నాలుగు లైన్ల స్టేషన్. ఊరి వైపు నుంచి లెక్కపెడితే ఒకటో లైను డౌన్ లూప్, రెండోది డౌన్ మెయిన్, మూడోది అప్ మెయిన్, నాలుగోది అప్ లూప్. లూప్ అంటే రైలు ఆగడానికి మెయిన్ పక్కన వేసిన లైను. స్టేషన్ బిల్డింగు, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం ఊరి వైపు, ఒకటో లైనుకు ఆనుకుని ఉంటాయి. రెండో ప్లాట్‌ఫారం నాలుగో లైనుకు అవతల, పొలాల వైపు. మెయిన్ లైన్లకు ప్లాట్‌ఫారమే లేదు. కాబట్టి ఆగాల్సిన ప్రతి అప్ రైలూ నాలుగో లైనులోకి పోవాల్సిందే. ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉత్తరం కొసన ఉంది. ఊళ్లోకి వెళ్లే బాట, ఆటో స్టాండు, పాల సేకరణ వ్యాను ఆగే చోటు అన్నీ దక్షిణం కొసన ఉన్నాయి.

ఇలాంటి యార్డులు మన రెండు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌గా నా సెక్షన్‌లోనే ఒకటికి మించి ఉండేవి. ఈ స్టేషన్ పేరు, డివిజన్ పేరు రాయడం లేదు.

మెము నాలుగో లైనులో ఆగాక ప్లాట్‌ఫారం వైపు దిగిన మనిషి ఊళ్లోకి వెళ్లాలంటే మొత్తం ప్లాట్‌ఫారం ఉత్తరానికి నడిచి, బ్రిడ్జి ఎక్కి దిగి, మళ్లీ అంత దూరం దక్షిణానికి నడవాలి. ఆఫ్ సైడ్‌లో, అంటే ప్లాట్‌ఫారం లేని వైపు, దిగితే మూడు లైన్లు దాటితే చాలు, ఊరు. తల మీద మూట, చేతిలో ఖాళీ పాల క్యాన్లు ఉన్నవాళ్లు ఏ వైపు దిగుతారో అడగక్కర్లేదు. ఏళ్ల తరబడి అలాగే దిగుతున్నారు. స్టేషన్ మాస్టర్లకు తెలుసు, ఆర్పీఎఫ్ వాళ్లకు తెలుసు. రైల్వే చట్టం 147 సెక్షన్ కింద అప్పుడప్పుడు ఫైన్లు వేస్తారు, ఆ వారం బ్రిడ్జి మీద జనం కనిపిస్తారు, అంతే.

ఆ సాయంత్రం

మెము లూప్‌లోకి వచ్చేసరికి డౌన్ మెయిన్‌లో పెట్రోలు ట్యాంకర్ల రేకు (వ్యాగన్ల వరస) ఒకటి పోతోంది. అప్ మెయిన్‌లో మెము వెనకాలే బొగ్గు లోడు గూడ్స్ వస్తోంది. ఆ వెనక రావాల్సిన సూపర్‌ఫాస్ట్ లేటు కావడంతో, మెమును లూప్‌లో ఉంచి గూడ్స్‌ను ముందు పంపమని సెక్షన్ కంట్రోలర్ చెప్పాడు. రోజూ జరిగే ఏర్పాటే.

ఆఫ్ సైడ్‌లో దిగినవాళ్లు ట్యాంకర్లు దాటేదాకా ఆగాలి కదా. ఎక్కడ ఆగారు? మూడో లైను పట్టాల మధ్యలో. అందరి చూపూ ఎదుట పోతున్న ట్యాంకర్ల మీదే ఉంది, ఆఖరి వ్యాగన్ ఎప్పుడు వస్తుందా అని. బొగ్గు గూడ్స్ లోకో పైలట్ దూరం నుంచే జనాన్ని చూసి ఆపకుండా విజిల్ కొట్టాడు. ఆ విజిల్ ట్యాంకర్ల రైలుదే అనుకున్నామని తర్వాత మాట్లాడిన ప్రతి ఒక్కరూ చెప్పారు. రెండు రైళ్లు ఒకేసారి యార్డులో ఉంటే విజిల్ ఏ రైలుదో చెవి తేల్చుకోలేదు. దీన్ని ఎవరి తప్పూ అనలేం.

పైలట్ ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. ఎవరో కేక పెట్టడంతో జనం వెనక్కి, మెము వైపుకు ఎగిరారు. ఒక పెద్దావిడ కంకర మీద పడి మోచేయి చీరుకుపోయింది. పట్టాల మధ్య వదిలేసిన పాల క్యాను ఒకటి ఇంజన్ క్యాటిల్ గార్డుకు తగిలి నలిగిపోయింది. మనుషుల ప్రాణాలకు ఏమీ కాలేదు.

కానీ అసలు ప్రమాదం రైలు ఆగాక మొదలైంది. ఇంజను స్టేషన్ దాటి ఆగింది, రేకు మాత్రం మెము పక్కనే పొడవునా నిలబడింది. మా యార్డులో లైన్ల మధ్య దూరం, అంటే సెంటరు నుంచి సెంటరుకు, 4.725 మీటర్లు. పాత యార్డుల్లో ఇది మామూలే. కొత్త పనులకు 5.3 మీటర్లు కావాలి. కోచ్ వెడల్పు సుమారు 3.25 మీటర్లు, బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ వెడల్పు 3.2. రెంటిలో సగం సగం తీసేస్తే ఆ రెండు రైళ్ల మధ్య మిగిలేది ఒకటిన్నర మీటరు. ఆ సందులో, మూటలతో, పిల్లలతో, కంకర వాలు మీద అంతమంది ఇరుక్కున్నారు. ముందుకు పోదామంటే వ్యాగన్ల గోడ. వెనక్కి ఎక్కుదామంటే కోచ్ మెట్టు కంకర మీద నుంచి నడుము ఎత్తుకు పైన ఉంది.

అప్పుడు ఇద్దరు కుర్రాళ్లు వ్యాగన్ల కింద నుంచి దూరడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి ఇంకొందరు.

ఎమర్జెన్సీ పడిన పొడవాటి గూడ్స్‌కు బ్రేకులు రిలీజ్ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ రోజు ప్రాణాలు కాపాడింది ఆ ఆలస్యమే. ట్యాంకర్ల రేకు దాటిపోగానే స్టేషన్ మాస్టరుకు వ్యాగన్ల కింద కాళ్లు కనిపించాయి. వెంటనే వాకీటాకీలో పైలట్‌కు చెప్పాడు: "కదపకండి, కింద మనుషులున్నారు, నేను చెప్పేదాకా కదపొద్దు." తర్వాత మైకు అందుకుని ఊరివాళ్లతో మాట్లాడిన మాటలు అచ్చు వేయదగ్గవి కావు, పని మాత్రం చేశాయి.

జాయింట్ నోట్‌లో ఏముంది

మర్నాడు మేం నలుగురం వెళ్లాం: ట్రాఫిక్ నుంచి నేను, పర్మనెంట్ వే (పట్టాల విభాగం) నుంచి ఒకరు, సిగ్నల్ నుంచి ఒకరు, లోకో ఇన్‌స్పెక్టర్. డేటా లాగర్ (సిగ్నళ్లు, పాయింట్ల కదలికలను టైముతో రాసుకునే యంత్రం) ప్రింటు తీశాం, స్పీడో చార్టు చూశాం, అందరి స్టేట్‌మెంట్లూ తీసుకున్నాం.

మెము పూర్తిగా లూప్‌లోకి వచ్చింది. రూట్ రిలీజ్ అయింది, అంటే దాని కోసం కట్టిపెట్టిన దారి విడుదలైంది. పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు తిప్పే కదిలే పట్టాలు) మెయిన్‌కు తిరిగాయి. లూప్ కొసన శాండ్ హంప్ (ఇసుక దిబ్బ) వైపు పాయింటు సెట్ అయి ఉంది, అంటే లూప్‌లో రైలు పొరపాటున జారినా మెయిన్‌లోకి రాదు. దీన్నే ఐసొలేషన్ అంటాం. జనరల్ రూల్స్ 4.11 అడిగేది ఇదే: రైలు పోయే లైనును మిగతా లైన్లన్నిటి నుంచీ ఐసొలేట్ చేయకపోతే స్టేషన్ గుండా 50 కిలోమీటర్ల వేగం మించి పోకూడదు. మా దగ్గర ఐసొలేషన్ ఉంది, పైగా గూడ్స్ ఆ సమయానికి 50 లోపే ఉంది. సిగ్నళ్లు సరిగ్గా ఆఫ్ అయ్యాయి (రైల్వే భాషలో సిగ్నల్ ఆఫ్ అంటే రైలు పోవచ్చని). పైలట్ విజిల్ కొట్టాడు, బ్రేకు వేశాడు. స్టేషన్ మాస్టర్ పచ్చ జెండాతో ప్లాట్‌ఫారం మీద నిలబడి ట్యాంకర్ల రైలును చూస్తున్నాడు, అదీ రూలే. హాట్ యాక్సిల్ (వేడెక్కిన ఇరుసు) ఉందా, ఏదైనా వేలాడుతోందా, వ్యాగన్ తలుపు తెరుచుకుందా, టార్పాలిన్ తాడు ఊడి విసురుతోందా అని దాటిపోయే ప్రతి రైలునూ చూడాలి. నిలబడ్డ రైలు గుమ్మంలో వేలాడేవాళ్లకు ఊడిన తాడు కొస ఎంత ప్రమాదమో చూసినవాళ్లకు తెలుసు.

రూల్ ఉల్లంఘన అనే గడిలో "నిల్" అని రాశాం. నలుగురమూ సంతకాలు పెట్టాం. ఆ నోట్ డివిజన్‌కు పోయి ఫైలులో చేరి ఉండాల్సింది.

నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఈ జనం ఏళ్ల తరబడి ఇలాగే దాటుతున్నారు, గూడ్స్‌లు ఏళ్ల తరబడి ఇలాగే పోతున్నాయి. మరి ఇంతకాలం ఎందుకు జరగలేదు? ఇప్పుడే ఎందుకు?

పది నిమిషాలు ఎక్కడికి పోయాయి

జవాబు పాత ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్లలో దొరికింది.

మా సెక్షన్ అంతకుముందు అబ్సల్యూట్ బ్లాక్. రెండు స్టేషన్ల మధ్య ఒక లైను మీద ఒక్క రైలే ఉండాలి. మెము మా స్టేషన్‌లో పూర్తిగా లోపలికి వచ్చాక, ఆఖరి బోగీ తోక బోర్డు చూసుకున్నాక, మాస్టర్ వెనక స్టేషన్‌కు లైన్ క్లియర్ (లైను ఖాళీ, రైలు పంపొచ్చన్న అనుమతి) ఇస్తే గానీ గూడ్స్ అక్కణ్నుంచి కదలదు. కదిలి తొమ్మిది కిలోమీటర్లు రావాలి. పాత రిజిస్టర్లలో మెము వచ్చిన టైముకీ వెనక రైలు దాటిన టైముకీ తేడా చూస్తూ పోయాను. పది నిమిషాలకు తక్కువ ఎక్కడా కనపడలేదు. ఆ పది నిమిషాల్లో మెము దిగిన జనం తీరిగ్గా మూడు లైన్లూ దాటి, పాల వ్యాను దగ్గర లెక్కలు చూసుకుని, ఇంటికి పోయేవారు.

తర్వాత ఆటోమేటిక్ సిగ్నలింగ్ వచ్చింది. స్టేషన్ల మధ్య దాదాపు కిలోమీటరుకొక సిగ్నల్. ముందు రైలు వెనకే ఇంకో రైలు, దాని వెనకే మరొకటి. సెక్షన్ కెపాసిటీ పెరిగింది, గూడ్స్‌లు కదిలాయి, అందరం సంతోషించాం. డేటా లాగర్ ప్రకారం ఆ సాయంత్రం మెము లూప్‌లో ఆగినప్పటికీ బొగ్గు ఇంజను ప్లాట్‌ఫారం కొసకు వచ్చినప్పటికీ మధ్య గడిచింది మూడు నిమిషాల పైచిలుకు.

జనాన్ని ఇన్నాళ్లూ కాపాడింది ఆ పది నిమిషాలు. అది ఏ రూల్ పుస్తకంలోనూ భద్రతగా రాసి లేదు. బ్లాక్ పద్ధతిలో ఉచితంగా వచ్చింది, పద్ధతి మారినప్పుడు ఎవరికీ తెలియకుండా పోయింది. ఆటోమేటిక్ సిగ్నలింగ్ మొదలుపెట్టినప్పుడు స్టేషన్ వర్కింగ్ రూల్స్ మొత్తం తిరగరాశారు. సిగ్నళ్ల నంబర్లు, ఓవర్‌లాప్‌లు, సిగ్నల్ ఫెయిలైతే ఏం చేయాలో అన్నీ ఉన్నాయి. నాలుగో లైనులో రైలు దిగేవాడి గురించి పాత పుస్తకంలోనూ ఒక్క ముక్క లేదు కాబట్టి కొత్తదాన్లోకి ఎక్కించడానికి ఏమీ లేకపోయింది.

మన రూల్స్ చాలా మంచివి. రైలును రైలు గుద్దకుండా కాపాడే విషయంలో వందేళ్ల పైబడిన అనుభవం వాటిలో ఉంది. సిగ్నళ్లనూ పాయింట్లనూ ఒకదానికొకటి ముడివేసే ఇంటర్‌లాకింగ్‌కు పట్టా మీద చక్రం కనిపిస్తుంది, మనిషి కాలు కనిపించదు. ఈ తేడాను నింపాల్సింది స్టేషన్ వారీ నియమాలే, ఎందుకంటే ఊరు ఏ వైపు ఉందో జనరల్ రూల్స్‌కు తెలియదు.

ఇలాంటివి ఎక్కడెక్కడ జరిగాయి

బీహార్‌లో ధమారా ఘాట్ అనే చిన్న స్టేషన్. 2013 ఆగస్టు 19, శ్రావణ సోమవారం. కాత్యాయనీ అమ్మవారి గుడికి వచ్చిన యాత్రికులు పాసింజరు రైలు దిగి పట్టాలు దాటుతుంటే, ఆగకుండా పోవచ్చని రన్ త్రూ సిగ్నల్ ఉన్న రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ దూసుకొచ్చింది. కనీసం 28 మంది పోయారు. జనం కోపంతో రైలుకు నిప్పు పెట్టారు. అక్కడ దూసుకొచ్చింది ఎక్స్‌ప్రెస్, మా దగ్గర గూడ్స్. మిగతా బొమ్మంతా ఒకటే: నిలబడ్డ రైలు, దాని పక్క లైనులో ఆఫ్ అయిన సిగ్నల్, మధ్యలో జనం.

అదే ఏడాది నవంబర్ 2న, దీపావళి ముందు రోజు సాయంత్రం, మన విజయనగరం జిల్లా గొట్లాం దగ్గర అలెప్పీ నుంచి ధన్‌బాద్ వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో మంటలన్న పుకారు పుట్టింది. చైను లాగి దిగినవాళ్లు పక్క లైను మీద నిలబడ్డారు. ఆ లైనులో పాసింజరు వచ్చింది. కనీసం ఎనిమిది మంది. 2022 ఏప్రిల్ 11 రాత్రి శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర ఆగిన రైలు దిగినవాళ్ల మీదికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్, ఐదుగురు. 2025 జనవరి 22న మహారాష్ట్రలో పాచోరా దగ్గర పుష్పక్ ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్ల మీదికి కర్ణాటక ఎక్స్‌ప్రెస్, కనీసం 12 మంది. ఈ మూడూ స్టేషన్ల బయట జరిగాయి. అక్కడ పైలట్ ఫ్లాషర్ లైటు వెలిగించి, పక్క లైను కాపాడే పద్ధతి ఉంది, 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 దగ్గర మూడు డిటొనేటర్లు (చక్రం ఎక్కితే పేలి, వచ్చే రైలు పైలట్‌ను హెచ్చరించేవి) పట్టాల మీద పెట్టే రూలుంది. కానీ జనం దిగడానికి కొన్ని సెకన్లు చాలు, డిటొనేటర్ పట్టుకుని 1200 మీటర్లు పరుగెత్తడానికి నిమిషాలు కావాలి.

గూడ్స్‌కే ప్రత్యేకమైన ప్రమాదం ఇంకొకటి ఉంది. 2022 నవంబర్ 21 ఉదయం ఒడిశాలోని కొరెయి స్టేషన్లో ఖాళీ గూడ్స్ పట్టాలు తప్పి వ్యాగన్లు ప్లాట్‌ఫారం మీదికి, వెయిటింగ్ హాలు మీదికి ఎక్కేశాయి. అక్కడివాళ్లు చేసిందల్లా రైలు కోసం ఎదురుచూడటమే. ముగ్గురు పోయారు. దాటిపోయే గూడ్స్‌కు ప్లాట్‌ఫారం మీదున్నవాళ్లు కూడా అంచు నుంచి వెనక్కి ఉండాలని ప్రతి మాస్టరూ మైకులో అరవడం ఊరికే కాదు.

అమెరికాలో కాలిఫోర్నియా వాళ్లు ఈ సమస్యను సూటిగా పట్టుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసె మధ్య క్యాల్‌ట్రైన్ లైనులో కొన్ని పాత స్టేషన్లలో జనం ఒక లైను దాటితే గానీ రైలు ఎక్కలేరు. అక్కడ హోల్డ్ ఔట్ అనే రూలు పెట్టారు: ఒక పాసింజరు రైలు స్టేషన్లో జనాన్ని ఎక్కించుకుంటుంటే రెండో రైలు స్టేషన్ బయటే ఆగాలి. అదే పట్టాల మీద తిరిగే యూనియన్ పసిఫిక్ గూడ్స్‌లకూ ఇది వర్తిస్తుంది. నాకు నచ్చిందేమంటే వాళ్లు దాన్ని శాశ్వత పరిష్కారం అనుకోలేదు. సౌత్ శాన్ ఫ్రాన్సిస్కో స్టేషన్‌ను కింద నుంచి దారి వేసి తిరిగి కట్టారు, 2022లో తెరిచారు, అక్కడ ఆ రూలు అవసరం పోయింది.

మా యార్డుకు ఏది పనికొస్తుంది

అదే రూలు తెచ్చి మా దగ్గర పెట్టేద్దామంటే కుదరదు. కాగితం మీద సులువుగా కనిపించిన ప్రతి ఉపాయానికీ యార్డులో ఏదో ఒక అడ్డు వచ్చింది.

మెమును హోమ్ సిగ్నల్ (స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్) బయట ఆపి, గూడ్స్‌ను ముందు పంపి, తర్వాత లోపలికి తీసుకోవచ్చు కదా అని ఒక సలహా. మొదటిది, గూడ్స్ మెము వెనక ఉంది, మెమును దాటి ముందుకు పోయే దారే లేదు. ఎదురు లైను గూడ్స్ విషయంలో ఇది చేయొచ్చు. కానీ మా హోమ్ సిగ్నల్ దగ్గర మెము రెండు నిమిషాలు ఆగితే చాలు, సగం బండి అక్కడే దిగిపోతుంది. పక్కనే పొలం గట్టు బాట ఉంది మరి.

స్టేషన్ యార్డులో గూడ్స్‌లకు 30 కిలోమీటర్ల వేగం పెడదామన్నారు ఇంకొకరు. ఏడు వందల మీటర్ల రేకు 60 వేగంలో ఒక మనిషి ముందు నుంచి పోవడానికి 42 సెకన్లు. 30 వేగంలో 84. మెల్లగా వచ్చే రైలు ముందు నుంచి పరుగెత్తి దాటేయొచ్చు అనిపించడం మనిషి స్వభావం. పైగా ఐదు వేల టన్నుల బండిని ప్రతిసారీ 30కి దించి మళ్లీ పైకి తెమ్మంటే కంట్రోల్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం న్యాయమే.

మెమును ఊరి వైపు ఒకటో లైనులోకి తీసుకుంటే? అప్ నుంచి ఒకటో లైనుకు సిగ్నల్ ఉన్న రూటే లేదు. వేసినా ప్రతిసారీ డౌన్ మెయిన్ కోసుకుపోవాలి.

రెండో లైనుకూ మూడో లైనుకూ మధ్య కంచె వేయండి అని ఊరి పెద్దలు కూడా అడిగారు. 4.725లో సరిగ్గా మధ్యన కంచె వేస్తే ఒక్కో సెంటరు నుంచి 2.36 మీటర్లే మిగులుతుంది. ఇంజనీరింగ్ వాళ్లు ఆ మాట పూర్తిగా విననేలేదు. పట్టాల మధ్య పనిచేసే గ్యాంగ్‌మెన్ రైలు వస్తే ఎటు తప్పుకోవాలి అని తిరిగి అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

చివరికి నిలబడింది సిగ్నల్ మీదే. ఆటోమేటిక్ సెక్షన్‌లో స్టేషన్ హోమ్, స్టార్టర్లు (స్టేషన్ నుంచి బయటికి పంపే సిగ్నళ్లు) సెమీ ఆటోమేటిక్. సిగ్నల్ మీది 'A' అక్షరం మార్కర్ వెలిగి ఉంటే వాటంతట అవే పనిచేస్తాయి, ఆరితే మాస్టర్ చేతిలో ఉంటాయి. స్టేషన్ వర్కింగ్ రూల్స్‌లో ఒక పేరా చేర్చాం. దాని సారం ఇది: నాలుగో లైనులో ఆగే పాసింజరు రైలు ఉన్నప్పుడు మూడో లైను హోమ్ మాస్టర్ చేతిలోనే ఉండాలి. మెము ఆగి, దిగేవాళ్లు దిగి, పట్టాలు ఖాళీ అయ్యాయని ఒకటో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ పాయింట్స్‌మన్ చెప్పాక మాత్రమే మూడో లైనుకు సిగ్నల్ ఆఫ్ చేయాలి. ఒకటో లైనులో గానీ రెండో లైనులో గానీ రైలు ఉండి మూడో లైను కనిపించకపోతే, కనిపించేదాకా ఆఫ్ చేయకూడదు.

ఈ ఆఖరి వాక్యం కోసం ఎక్కువ వాదన జరిగింది. నా దృష్టిలో పేరా మొత్తంలో పనికొచ్చే వాక్యం అదొక్కటే. ఆ సాయంత్రం మాస్టర్‌కూ జనానికీ మధ్య ట్యాంకర్ల రేకు అడ్డంగా ఉంది. చూడలేని చోటికి సిగ్నల్ ఇవ్వొద్దంటే దానికి రెండో అర్థం ఉండదు, "జాగ్రత్త వహించవలెను" లాంటి మాట కాదు. జాగ్రత్త వహించవలెను అనే మాట ప్రమాదం తర్వాత ఛార్జ్‌షీట్ రాయడానికి తప్ప ప్రమాదం ముందు ఎందుకూ పనికిరాదు.

కంట్రోల్ ఆఫీసు అభ్యంతరం గట్టిదే. లోడు గూడ్స్ హోమ్ దగ్గర ఆగితే ఎత్తు మీద మళ్లీ లాగాలి, వెనక రైళ్లన్నీ పేరుకుంటాయి. ఎర్ర సిగ్నళ్లు పెరిగే కొద్దీ ఎవరో ఒక పైలట్ పొరపాటున ఎర్ర సిగ్నల్ దాటే అవకాశమూ పెరుగుతుంది. అందుకని గూడ్స్‌ను మా హోమ్ దగ్గర కాక వెనక స్టేషన్ లూప్‌లోనే కాసేపు ఎక్కువ ఉంచి, మెముకు ముందు దూరం ఇచ్చి వదలాలని కుదుర్చుకున్నాం. అంటే పోయిన పది నిమిషాల్లో ఓ ఆరేడు తిరిగి కొనుక్కున్నాం. పొద్దుటి మెము, సాయంత్రం మెము, ఈ రెంటికే. రోజంతా పెట్టమంటే ఒక్కటీ దక్కేది కాదు. స్టాఫ్ అందరితో, రూలు చదివి అర్థం చేసుకున్నామని చెప్పే అష్యూరెన్స్ రిజిస్టర్‌లో సంతకాలు తీసుకున్నాం. మెము ట్రైన్ మేనేజర్లకు (గార్డులకు) ఆఫ్ సైడ్ కూడా చూసుకోమని, జనం పట్టాల మీద ఉంటే వాకీటాకీలో చెప్పమని రాశాం.

మైకు సంగతి కూడా చెప్పాలి. రికార్డు చేసిన ప్రకటన మూడు భాషల్లో వస్తుంది, అది వినే అలవాటు ఎవరికీ లేదు. ఆ సాయంత్రం డ్యూటీలో ఉన్న మాస్టరే తర్వాత సొంతంగా మొదలుపెట్టాడు: "పాల క్యాన్ల బాబాయిలూ, మూడో లైన్లో గూడ్సుంది. ప్లాట్‌ఫారం వైపే దిగండి. వ్యాను ఎక్కడికీ పోదు, నేను చెప్పాను." ఏ రైలు, ఏ లైను, ఎవరు, ఎందుకు ఆగాలి అన్నీ అందులో ఉన్నాయి. వ్యాను వాడికి అతను నిజంగానే చెప్పి ఉంచాడు. జనం పరుగెత్తేది వ్యాను కోసమని తెలుసుకోవడానికి మాకు విచారణ అవసరమైంది. మాస్టారికి ముందే తెలుసు, అడిగినవాళ్లే లేరు.

దారి

ఎన్ని రూళ్లు పెట్టినా నాలుగో లైను నుంచి ఊళ్లోకి పోయే దగ్గర దారి పట్టాల మీదుగానే ఉన్నంత కాలం జనం దాటుతూనే ఉంటారు. దక్షిణం కొసన పాత లెవెల్ క్రాసింగ్ ఎత్తేసి లిమిటెడ్ హైట్ సబ్‌వే కట్టి ఉంది. రెండో ప్లాట్‌ఫారం దక్షిణం కొస నుంచి దానికి అడుగుల దూరమే, కానీ ప్లాట్‌ఫారం కొసన గోడ. ఆ గోడ తీసి, ర్యాంపు దింపి, సబ్‌వే రోడ్డుకు కలపమని ప్రతిపాదన పెట్టాం. టికెట్ లేనివాళ్లు ఆ దారిన తప్పించుకుంటారని కమర్షియల్ వాళ్లు ఒకసారి వెనక్కి పంపారు. తనిఖీకి మనిషిని పెట్టుకోండి, గోడ మాత్రం తీయండి అని రాశాం. చాలా రోజులకు ర్యాంపు వచ్చింది.

ర్యాంపు వచ్చాక సాయంత్రం మెముకు ఆఫ్ సైడ్‌లో దిగేవాళ్లు బాగా తగ్గారు. పూర్తిగా పోలేదు. వానాకాలంలో సబ్‌వేలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, అప్పుడు మళ్లీ అందరూ పట్టాల మీదికే వస్తారు. అందుకని వాన పడ్డ రోజు సబ్‌వేలో నీళ్లున్నాయా అని మెము రాకముందే చూసి డైరీలో రాయడం, పంపు వేయించడం పాయింట్స్‌మన్ పనుల్లో చేర్చాం. నీళ్లుంటే మూడో లైను సిగ్నల్ విషయంలో ఇంకాస్త ఆగాలని మాస్టర్లకు నోటిమాటగా చెప్పుకున్నాం. దాన్ని రూలుగా రాయమంటే ఎవరూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఆ సెక్షన్‌లో డబుల్ లైనుకు తోడు అదనంగా ఇంకో మెయిన్ లైను వేసే పని నడుస్తోంది. మొదట వచ్చిన డ్రాయింగులో కొత్త మెయిన్ లైను రెండో ప్లాట్‌ఫారం అవతల, ర్యాంపు దిగే చోట అడ్డంగా పోతుంది, అంటే ర్యాంపు దిగినవాడు ఇంకో మెయిన్ లైను దాటాలి. రిటైరయ్యే ముందు నేను పంపిన ఆఖరి కాగితాల్లో ఆ డ్రాయింగు మీద అభ్యంతరం ఒకటి: కొత్త లైను కింద కూడా సబ్‌వేను పొడిగించి, ర్యాంపును నేరుగా దాన్లోకే దింపాలని. సవరించిన డ్రాయింగులో సబ్‌వే పొడిగింపు వచ్చింది, ర్యాంపు ఇంకా రాలేదని నా తర్వాత వచ్చిన ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. అతను మళ్లీ రాశాడు.